బావిలో పడని తిప్పమ్మ

"ఇంతకు మీ ఇంటి పేరంటాలు బాయిల వడి సచ్చిందా, ఇల్లిడిసి వొయ్యిందా? గదొక్కటి జెప్పు పిల్లా. మిగిలిన ముచ్చట మగోళ్ళు మాట్లాడుకుంటరు."

సుమంగళను ఈ మాట అడిగింది గద్వాల నుంచి పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికొడుకు మేనత్త. అది 1979. రాయచూరు పాత ఊళ్ళో పిండిగిర్ని వెనక రెండు గదుల ఇల్లు. సుమంగళకు ఇరవై ఒక్కటి. ఒంటి మీద అమ్మ పట్టుచీర, చేతిలో టీ కప్పుల పళ్ళెం, చెవుల వెనక ఎంత తోమినా వదలని జొన్నపిండి. మేనత్త పుట్టిల్లు రాయచూరే కాబట్టి చిన్నప్పుడు విన్నదేదో మనసులో పెట్టుకునే వచ్చింది. గదిలో ఉన్న మగవాళ్ళందరికీ గోడ మీది క్యాలెండరు ఉన్నట్టుండి ఆసక్తికరంగా కనబడింది. సుమంగళ తండ్రి దగ్గాడు. చచ్చిందని చెప్పవే అని ఆ దగ్గుకు అర్థం.

"ఇల్లిడిసి వొయ్యింది," అంది సుమంగళ. "పొద్దుగాల, ఊరందరు సూస్తుండంగనే వొయ్యింది. టీల చక్కెర సరిపొయ్యిందా?"

గద్వాలవాళ్ళు కప్పులు సగంలో వదిలేసి మధ్యాహ్నం బస్సుకే లేచారు. తండ్రి చాలా రోజులు కూతురితో మాట్లాడలేదు. చెప్పాల్సినవి గిర్నికి వచ్చిన గిరాకీలతో చెప్పించేవాడు. "మా సుమంగళకు జెప్పుర్రి, పట్టా లూజయిందని," అనేవాడు, ఆమె రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే. నాయనమ్మ మాత్రం మనవరాలిని దగ్గరికి లాక్కుని, "మంచి పని జేసినవ్. గా పిలగాని మెడ సూసినవా, కోడిమెడ," అంది.

పేరంటాలు, అంటే చనిపోయి దేవతగా పూజలందుకునే ఇంటి ఆడది, తిప్పమ్మ సంగతి ఇది. రాయచూరుకు పూట నడక దూరంలో ఉన్న కల్లూరులో ఈ వంశం వాళ్ళకు పొలం ఉంది. పొలంలో పాత బావి, బావి గట్టున మట్టి గద్దె, గద్దెలో సగం పాతిన రాయి. పైకి కనబడే భాగం అర్ధచంద్రాకారంలో ఉంటుంది. దాని అడుగున నడుమ, నేలను ఆనుకుని చిన్న గుంట. ఆ గుంట తిప్పమ్మ నుదురని, అందులోనే కుంకుమ పెట్టాలని ఆడవాళ్ళ లెక్క. ఏటా మార్గశిరంలో కల్లూరు శాఖ, రాయచూరు శాఖ రెండూ అక్కడ కలుస్తాయి. రాయికి పసుపు, నూనె, చీర ముక్క. ముత్తైదువలకు గాజులు, జాకెట్టు గుడ్డ. తర్వాత జొన్నరొట్టె, గుత్తివంకాయ, తగవులు.

కథ కూడా ఏటా అదే. ధాత కరువులో, అంటే నూటయాభై ఏళ్ళ కిందట, బిడ్డలు ఆకలితో ఏడుస్తుంటే చూడలేక తిప్పమ్మ గంగమ్మకు మొక్కి ఎండిన బావిలో దూకింది. దూకగానే ఊట పడింది. పొలం పండింది. బిడ్డలు బతికారు. ఎండిన బావిలో దూకితే కాళ్ళు విరుగుతాయి గాని నీళ్ళెందుకు పడతాయని అడిగినవాళ్ళు లేరు. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. తిప్పమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడి సంతానం కల్లూరులో ఉంది, చిన్నవాడు బసన్న సంతానం రాయచూరులో ఉంది. తల్లి బావిలో పడి చనిపోతే పాలుమరిచి ఏడాది కాని బసన్నను అంత కరువులో రాయచూరుకు ఎవరు మోసుకొచ్చారు? "మేనమామ దీస్కపొయ్యిండు," అని కల్లూరువాళ్ళ జవాబు. తిప్పమ్మకు అన్నదమ్ములే లేరు. అయినా రాయచూరు శాఖ ఏటా బండి కట్టుకుని వెళ్ళి, తమ ఉనికే అబద్ధమని చెప్పే రాయికి దండం పెట్టి, రొట్టెలు తిని వచ్చేది. కుటుంబాల్లో భక్తి ఇట్లాగే నడుస్తుంది. ముందు అన్నం పెడతారు, తర్వాత ఎవరికీ నోరు రాదు.

నాయనమ్మకు మాత్రం నోరుండేది. ఆమె ఈ ఇంటికి కాపురానికి వచ్చేసరికి పదకొండేళ్ళు. తిప్పమ్మకు అప్పటికి డెబ్బై. అంటే పేరంటాలును కళ్ళారా చూసిన మనిషి ఆమె.

"నువ్వు గూసున్న జాగలనే గూసొని ఇసిరేది," అని చెప్పేది సుమంగళకు. "పేరంటాలుకు నేను కాళ్ళు వట్టిన్నే! అరికాళ్ళు రాళ్ళలెక్క ఉండె. ఇంకింత గట్టిగ వట్టు పిల్లా అని తిట్టేది. సచ్చినోళ్ళకు కాళ్ళ నొప్పులు ఉంటయా?"

"మరి కల్లూరోళ్ళు బాయిల వడ్డదంటరు గదవ్వా?"

"వాళ్ళకు ఇజ్జత్ గావాలె. ఈమెకు రొట్టె గావాలె. ఇద్దరికి గావాల్సింది ఇద్దరికి దొరికింది."

తిప్పమ్మ చెప్పగా నాయనమ్మ విన్నది ఇంత. ఆ ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురు, ఉమ్మడి కాపురం. జొన్నలు పెరట్లో పాతరలో దాచేవారు. వరుసగా రెండేళ్ళు వాన లేదు. ఇంట్లో ముందు మగవాళ్ళు తినాలి, తర్వాత ఎద్దులు, తర్వాత పిల్లలు. ఆడవాళ్ళు గంజి. పాతర మురిగిపోయిందని పెద్దబావ ఒకరోజు చెప్పాడు. తిప్పమ్మ పెరట్లోకి పోయి చూస్తే మట్టి మీద బండి చక్రాల జాడలున్నాయి. మురిగిన జొన్నల కోసం షావుకారు బండి ఎందుకొస్తుంది? భోజనాల దగ్గర అందరి ముందూ అడిగింది: నా ఇద్దరు పిల్లల పాలు ఎంత, నా పాలు ఎంత, లెక్క చెప్పండి అని. ఆడది భాగం అడగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. మొగుడు కొట్టాడు. అన్నముందు పరువు పోయిందని ఇంకోసారి కొట్టాడు.

తెల్లవారి తిప్పమ్మ తన ఇసుర్రాయిని పెకలించింది. అది పుట్టింటివాళ్ళు ఇచ్చింది. ఆ ఇంట్లో ఆమెదని చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే. రెండు రాళ్ళూ మోయడం ఆమె వల్ల కాలేదు. పై రాయి చుట్టకుదురు మీద నెత్తిన పెట్టుకుంది, చిన్నవాణ్ణి చంకన వేసుకుంది. ఏడేళ్ళ పెద్దవాణ్ణి అత్త లోపల గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. వాడు తలుపు గుద్దుతున్న చప్పుడు ఊరు దాటేదాకా వినిపించిందని తిప్పమ్మ చెప్పేదట. ఊరు దాటేదాకా వినిపించడం సాధ్యమా అని నాయనమ్మను అడిగితే, "తల్లికి ఇనవడ్తది," అని, ఇక ఆ మాట పెంచేది కాదు.

రాయచూరుకు అప్పటికే రైలు వచ్చింది. మద్రాసు వైపు నుంచి బస్తాలు దిగుతున్నాయి. స్టేషను చుట్టూ హమాలీలు, సిపాయిలు, గుమాస్తాలు. గింజలున్నాయి, విసిరేవాళ్ళు లేరు. తిప్పమ్మ రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గర ఒక కింది రాయి సంపాదించి, స్టేషను గోడవారగా కూర్చుంది. సేరుకు పిడికెడు పిండి కూలి. కూలి ముందు తీసి పక్కన పెట్టుకున్నాకే గింజలు పోసేది. బసన్న పెద్దయి పది ఇసుర్రాళ్ళు పెట్టించాడు. అతని కొడుకు, అంటే సుమంగళ తాత, ఆయిల్ ఇంజను తెచ్చాడు. సుమంగళ తండ్రి కరెంటు మోటారు బిగించాడు. తిప్పమ్మ మోసుకొచ్చిన పై రాయి అరిగి అరిగి పలకంత పలచబడి, ఎప్పుడో పగిలిపోయింది. ముక్కలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

సుమంగళకు పెళ్ళి కాలేదని కాదు. ఆదోని సంబంధం కుదిరింది. మొగుడు తాగేవాడు కాదు, కొట్టేవాడూ కాదు. రోజూ ఒకే మాట అనేవాడు: మీ నాయిన నీ పేరు మీద పెట్టిన గిర్ని అమ్మెయ్, నా తమ్ముడికి బట్టల దుకాణం పెట్టిద్దాం. తండ్రి పోయాక ఆ మాట ఇంకా ఎక్కువైంది. అది వినీ వినీ విసుగెత్తి, ఒక రోజు సుమంగళ రెండేళ్ళ ప్రజ్ఞను ఎత్తుకుని రైలెక్కింది. రాయచూరులో దిగి, గిర్ని తాళం తీసి, మోటారు వేసి, గేటు ముందు చీపురు పట్టింది.

వారం తిరక్కుండా కల్లూరు నుంచి మహదేవప్ప వచ్చాడు. వరసకు అన్న, తిప్పమ్మ పెద్ద కొడుకు వంశం. అప్పుడే గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, కమిషన్ దుకాణం తెరిచిన ఊపు మీద ఉన్నాడు. తెల్ల చొక్కాతో గిర్నిలో నిలబడడం అలవాటు లేక, మాటిమాటికీ భుజాలు దులుపుకుంటూ మొదలుపెట్టాడు.

"చూడు చెల్లె, మనది మామూలు ఇల్లు గాదు. పేరంటాలు వెలిసిన..."

సుమంగళ స్విచ్చి వేసింది. మోటారు మోగింది. మహదేవప్ప గొంతు పెంచాడు. "గామె ఇంటి ఇజ్జత్ కోసం పానం ఇడిసింది! నువ్వు..." సుమంగళ తొట్టిలో జొన్నలు పోసింది. మహదేవప్ప నోరు కదులుతూనే ఉంది. లైనులో నిలబడ్డ ఒక ముసలాయన అతని నోటి వంక చూసి చూసి, "ఏమంటున్నడమ్మా?" అని అరిచాడు. "గిర్ని మస్తు నడుస్తున్నదంటున్నడు తాతా!" అని సుమంగళ అంతకన్నా గట్టిగా అరిచింది. మహదేవప్ప చొక్కా బూడిద రంగయ్యాక వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నచ్చని ముచ్చట ఎవరు తెచ్చినా ఆమెది అదే పద్ధతి. పాత ఊళ్ళో ఆమెకు సలహా చెప్పాలనుకునేవాళ్ళు కరెంటు పోయే వేళ చూసుకుని వచ్చేవారు.

ఆ మార్గశిరంలో కూడా కల్లూరు వెళ్ళింది. బావి గట్టున వరుసలో నిలబడితే, పసుపు గిన్నె ఆమె దాకా వచ్చి, ఆమెను దాటి పక్క మనిషికి పోయింది. మొగుణ్ణి వదిలేసిన ఆడది పేరంటాలును ముట్టకూడదట. ఎవరో మెల్లగా మోచేయి పట్టి వెనక్కి నిలబెట్టారు. సుమంగళ రొట్టె తినకుండా తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళలేదు. ఇల్లు వదిలి నడిచిపోయిన మనిషిని అడ్డం పెట్టుకుని, ఇల్లు వదిలి వచ్చిన మనిషిని దూరం పెట్టారు. ఆమెను కాల్చింది పసుపు దక్కకపోవడం కాదు, ఇది. చచ్చిన తిప్పమ్మ ఒక తరం తర్వాత ఇంకో తరం ఆడవాళ్ళ నెత్తిన కర్రలా పనికొస్తోంది. బతికిన తిప్పమ్మ ఒక్కతి చాలు, ఆ కర్ర విరగడానికి.

అందుకే పోయినేడాది మహదేవప్ప రసీదు పుస్తకం పట్టుకుని గిర్నికి వచ్చినప్పుడు ఆమె మోటారు వేయలేదు. వినాలనుకుంది.

ఇద్దరికీ వయసు మళ్ళింది. అతనికి మోకాళ్ళు, ఆమెకు చెవులు. ప్రజ్ఞ ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ దిగి వచ్చి, బస్తా మీద కూర్చుని టీ తాగుతోంది.

"గుడి కడుతున్నం చెల్లె. ఇంటికి ఐదు వేలు. నల్లబండ మీద చరిత్ర చెక్కిపిస్తున్నం. రాళ్ళు చెక్కే శరణప్పకు ఒప్పజెప్పిన."

"ఏమని చెక్కుతున్నరు?"

మహదేవప్ప జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "శ్రీ పేరంటాళ్ తిప్పాంబాదేవి. ధాత కరువునందు బిడ్డల ఆకలి తీర్చుటకై ఈ బావియందు ప్రాణత్యాగము గావించిన మహాసాధ్వి."

"దేవి ఎప్పుడైంది?"

"బండ మీద రాసేటప్పుడు గట్లనే రాస్తరు."

"నేను ఐదు గాదు, పది ఇస్త. నిజం రాయి. ఇల్లిడిసి రాయచూరొచ్చింది, పిండి ఇసిరి బతికింది, ముసలిదయి సచ్చింది అని."

"ఇల్లిడిసి వొయ్యిందని ఎవరన్న గుడి కడతరా?"

"గుడి కట్టమని ఎవరడిగిన్రు?"

మహదేవప్ప కాగితం మడిచాడు. ఈసారి అతనిది కోపం కాదు, విసుగు. "నువ్వు మొగుణ్ణి ఇడిసినవ్. నీ కత గామెకు తొడుగుతున్నవ్. గంతే ఇది. నోటి మాట దప్ప నీ తాన ఏమున్నది? మీ అవ్వ జెప్పిందంటవ్. మీ అవ్వకు ఇంకేం పనిలేకుండె."

అతను వెళ్ళాక సుమంగళ ఊడ్చిన నేలనే మళ్ళీ ఊడ్చింది. ఆ మాటలో కొంచెం నిజం లేకపోతే అంత తగిలేది కాదు. ఆదోని రైలెక్కిన రోజు ఆమె చంకలో ప్రజ్ఞ ఉంటే, మనసులో ఉన్నది తిప్పమ్మే.

"ఎల్లుండి రాయిని గద్దెల్నుంచి తీస్తున్నరంట," అంది ప్రజ్ఞ. "పోదాం."

"నోటి మాట దప్ప ఏమున్నదని అడిగిండు గదనే."

"నోరైతే ఉన్నది గద. గది దీస్కొని పోదాం."

కల్లూరులో ఆ రోజు నలభై మంది దాకా చేరారు. చుట్టూ పత్తి చేలు, విరగబూసిన కంది. గుడి పునాది లేచింది. రాతిపనివాడు శరణప్ప ఇద్దరు కూలీలతో గద్దె తవ్వుతున్నాడు. పక్కన కుర్చీలో మహదేవప్ప తల్లి సిద్దమ్మ, ఎనభై ఐదు దాటిన మనిషి. పొలం ఆమె పేరు మీదే ఉంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ రోజూ ఆ రాయికి దీపం పెట్టింది ఆమే. సుమంగళను చూసి ఆడవాళ్ళు కాస్త జరిగారు. చోటివ్వడానికో, దూరం కావడానికో తెలియకుండా జరిగారు.

గడ్డపారతో ఎత్తితే రాయి కదిలింది. పైకి వచ్చాక తెలిసింది, అర్ధచంద్రం కాదు. మిగతా సగం మట్టిలో ఉంది. గుండ్రటి రాయి. వేళ్ళ మందాన పసుపు, నూనె, మసి పేరుకుపోయి ఉన్నాయి. కొత్త పీఠంలో బిగించాలంటే అదంతా పోవాలని శరణప్ప మరుగుతున్న నీళ్ళు పోయించాడు. నూటయాభై ఏళ్ళ భక్తి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. చింతపండు పెట్టి రుద్దారు. నుదురనుకున్న గుంట సరిగ్గా నడిమధ్యలో తేలింది. దాని చుట్టూ, నడుమ నుంచి అంచు దాకా, ఉలితో కొట్టిన గంట్లు.

ఆ గుంపులో బుద్ధెరిగిన ప్రతి ఆడమనిషీ అలాంటి రాయిని ఇంట్లో చూసింది. వెనక నుంచి ఎవరిదో గొంతు వచ్చింది.

"అయ్యో, ఇది ఇసుర్రాయి గదనే! కింది రాయి!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఒకావిడ తలమీది కొంగు నోట్లో కుక్కుకుంది. సుమంగళకు నవ్వు రాలేదు. పై రాయి నెత్తిన పెట్టుకుని పోయింది అని నాయనమ్మ చెబుతున్నప్పుడు కింది రాయి ఏమైందని ఆమె ఎన్నడూ అడగలేదు. అది ఇక్కడే ఉంది. వెళ్ళిపోయిన మనిషి మోయలేక వదిలేసిన వస్తువును నిలువుగా పాతి, పసుపు రాసి, ఇదిగో చచ్చిపోయింది అని ఊరికి చూపించారు.

మహదేవప్ప గంజ్ మనిషి. ధర పడిపోతే బేరం మార్చడం అతనికి చేతనవును. "సూసిన్రా!" అన్నాడు చేతులెత్తి. "అన్నపూర్ణ! కరువుల ఊరందరికి పిండి ఇసిరి పెట్టిన తల్లి! శరణప్పా, బండ మీద గిది రాయాలె. ఊరి కోసం చేతులు అరగదీసుకున్న..."

"ఊరికే ఇసరలే," అంది సుమంగళ.

"ఏంది?"

"సేరుకు పిడికెడు కూలి దీసుకున్నది. కూలియ్యనోనికి పిండియ్యలే. ఇసిరింది ఈ ఊర్ల గాదు, రాయచూరు టేషన్ కాడ."

"కూలి ముచ్చట బండ మీద రాస్తరా చెల్లె? దేవుని కాడ గాదు గది."

"నీ దుకాణం బోర్డు మీద కమిషన్ ఏజెంట్ అని ఇంతింత అచ్చరాలతోని రాసుకుంటివి గద. గామె కూలికి ఏమైంది?"

ఈసారి నవ్వు దాచుకోలేదు ఎవరూ. మహదేవప్ప ముఖం ఎర్రబడింది. అప్పుడు అతని నోటి నుంచి వచ్చిన మాట రసీదు పుస్తకంలోది కాదు.

"నవ్వుర్రి! మీరు గామె ఎంబడి వొయ్యినోళ్ళు. మేము గామె ఇడిసిపోయినోళ్ళం. ఏడేండ్ల పోరడు. మా ముత్తాత. గాయన్ను గదిల ఇడిసి వొయ్యింది. ఇడిసిపెట్టి వొయ్యిన తల్లి కంటె సచ్చిపోయిన తల్లి మేలు. గందుకే మాకు పేరంటాలు. నీకేమెరుక?"

కొంగు నోట్లో కుక్కుకున్నావిడ కొంగు తీసేసింది. సుమంగళకు ఆ క్షణాన మహదేవప్ప మీద మొదటిసారి జాలి వేసింది. కానీ జాలి వేసినంత మాత్రాన నోరు మూసుకోవాలని ఆమెకు అనిపించలేదు. నాయనమ్మ చెప్పినవాటిలో ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. దాన్ని ఇప్పుడు చెప్పింది, గొంతు పెంచకుండా.

"వచ్చిందన్నా. వానలు వడ్డంక పెద్దోని కోసం తిరిగొచ్చింది. ఇంత పిండి మూట గట్టుకొని వచ్చింది. మీ వాకిట్ల నిలవడి పిలిచింది. తలుపు దియ్యలే. లోపలికెల్లి జెప్పిన్రంట: 'తిప్పమ్మ బాయిల వడి సచ్చింది. పేరంటాలైంది. సచ్చినోళ్ళు పిల్లగాండ్లను అడగనీకె రారు.' పొద్దు గూకేదాక నిలవడి, మూట గడప కాడ వెట్టి వొయ్యింది."

మహదేవప్ప తల్లి వైపు చూశాడు, ఇదంతా అబద్ధమని ఆమె అయినా అంటుందేమోనని. సిద్దమ్మ కళ్ళు రాయి మీదే ఉన్నాయి.

"డెబ్బై ఏండ్లు దీపం వెట్టిన దీనికి," అంది. "కొడుకు పరీచ్చ పాస్ గావాలని మొక్కిన. తప్పిండు. బాయిల నీళ్ళు ఉండాలని మొక్కిన. ఎండినయి. నా మోకాళ్ళ నొప్పికి మొక్కిన. ఒక్కటి తీర్వలే. నా భక్తి సరిపోతలేదేమో అనుకున్న. ఇప్పుడు ఎరుకైంది, గామె ఈడ లేనే లేదు! రాయచూరుల గూసొని పిండి ఇసురుతున్నది!"

"అమ్మా!"

"నువ్వూకో. మా మామ జెప్పేటోడు, వాళ్ళ నాయిన ఈ రాయికి ఎన్నడు చెయ్యెత్తి మొక్కలేదంట. అందరు మొక్కుతుంటె తాను పోయి బండి కాడ నిలవడేటోడంట. గాయనకు ఎరుకే. తలుపు గుద్దినోనికి ఎరుకుండదా?" సిద్దమ్మ కర్ర ఎత్తి శరణప్ప వైపు చూపించింది. "పొలం నా పేరు మీద ఉన్నది. గుడి వద్దు, ఏం వద్దు. సుమంగళ ఏం జెప్తె గది చెక్కు. సుమంగళా, రా బిడ్డా, ఈడ గూసో."

సుమంగళ వెళ్ళి కూర్చుంది. పసుపు గిన్నె ఆ రోజు ఎవరి చేతికీ పోలేదు. అవసరం పడలేదు.

పునాది అట్లాగే ఆగిపోయింది. చందాలు ఇచ్చినవాళ్ళలో సగం మంది వెనక్కి అడిగి తీసుకున్నారు, కూలికి పిండి విసిరిన మనిషికి గుడేమిటని. వాళ్ళ అభ్యంతరం సుమంగళకు నచ్చింది. ఆమె అన్నదీ అదే.

బండకు ఆమె శరణప్ప దగ్గరికి రెండుసార్లు తిరిగింది. అతనికి తెలుగు చదవడం రాదు, అక్షరాలు బొమ్మల్లా చూసి చెక్కాలి. కన్నడ ఒక్కటే చాలదా అక్కారు, ఈ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళెవరని అడిగాడు. నిజమే, సుమంగళ బడి చదువు కూడా కన్నడమే. అయినా ఒప్పుకోలేదు. తిప్పమ్మ మాట్లాడిన భాషలో ఒకసారి, ఊరు చదవగలిగిన భాషలో ఒకసారి చెక్కమంది. "గండన హెసరు?" అని అడిగాడు, మొగుడి పేరు ఎక్కడ పెట్టాలో తెలియక. "బ్యాడ," వద్దంది సుమంగళ. కూలి అనే మాట తీసేసి సేవ అని పెడితే బాగుంటుందని ఎవరో పెద్దమనిషి శరణప్పకు ఫోను చేశాడట. శరణప్ప గిర్నికి వచ్చి ఆమెను అడిగాడు. గిర్నిలో మోటారు మోగింది. శరణప్పకు జవాబు అర్థమైంది.

ఇసుర్రాయిని మళ్ళీ నిలబెట్టలేదు. నేల మీద వెల్లకిలా పరిచారు, గింజ పోస్తే విసరడానికి వీలయ్యేట్టు. మీద పసుపు లేదు. బావి గట్టున దాని పక్కనే బండ పాతారు. రాయచూరు నుంచి దాన్ని తేవడానికి మహదేవప్ప ట్రాక్టరు పంపాడు, తల్లి తిట్టాక. తాను రాలేదు. బండ మీద ఇట్లా ఉంది:

"తిప్పమ్మ. ధాత కరువులో తన భాగం అడిగింది. ఇవ్వలేదు. నడిచి రాయచూరు వెళ్ళింది. కూలికి పిండి విసిరి బతికింది, కొడుకును బతికించింది. డెబ్బై దాటాక అక్కడే పోయింది. పెద్ద కొడుకు కోసం తిరిగి వచ్చింది. ఈ ఇంటివాళ్ళు తలుపు తీయలేదు."

చివరి రెండు వాక్యాలు మొదట సుమంగళ రాసిన కాగితంలో లేవు. మహదేవప్పను ఊళ్ళో తలెత్తుకోనీయకుండా చేయడం ఆమెకు ఇష్టం లేక వదిలేసింది. అవి ఉండాల్సిందేనని పట్టుబట్టింది సిద్దమ్మ. తలుపు మూసింది తమ ఇల్లు కాబట్టి ఆ వాక్యాల ఖర్చు తన కొడుకే పెట్టుకోవాలని కూడా ఆమే తేల్చింది.

రెండు భాషల్లో కలిపి ఆ వాక్యాలకు శరణప్పకు మహదేవప్ప ఇంకా మూడు వేల ఆరు వందలు ఇవ్వాలి.